గాజు ప్లగ్గులోంచి చూసిన మంట: కావలి బుల్లెట్, బెంగళూరు గాలి

గన్సన్ కలర్‌ట్యూన్ కొని ఏడు నెలలైంది. ఇది 14 మిల్లీమీటర్ల మర ఉన్న స్పార్క్ ప్లగ్గు. మామూలు ప్లగ్గులో తెల్ల పింగాణీ ఉండే చోట దీనికి గాజు ఉంటుంది, అదొక్కటే తేడా. బండికున్న ప్లగ్గు తీసి దీన్ని బిగించి స్టార్ట్ చేస్తే సిలిండర్ లోపల మండే మంట బయటికి కనిపిస్తుంది. ఆ రంగును బట్టి గాలి, పెట్రోలు పాళ్లు కుదిరాయో లేదో తెలుసుకోవచ్చు. ఈ ఒక్క పని కోసం కస్టమ్స్ సుంకంతో కలిపి రూ. 7,400 పెట్టాను. పెట్టినందుకు నాకు తృప్తిగా ఉంది. అయితే ఇది చెప్పలేని సంగతులు కూడా ఉన్నాయి, వాటి కోసం నేను ఇంకో మూడు చోట్లకి తిరగాల్సి వచ్చింది. అదంతా రాస్తాను. పాత బండి ఉన్నవాళ్లకి నా డబ్బు, నా ఆదివారాలు రెండూ కలిసి రావాలని.

ముందు బండి సంగతి. మాది నెల్లూరు జిల్లా కావలి. నేను ఇక్కడ బీటీఎం లేఅవుట్‌లో ఉంటూ ఒక పీయూ (మన ఇంటర్ లాంటిది) కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మా నాయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. 1992లో కొన్న బుల్లెట్ 350 ఆయన ఉద్యోగమంతా తోడుంది. సీటు వెనక తాడు కట్టుకుని, భుజాన కటింగ్ ప్లేయర్ల సంచి తగిలించుకుని దాని మీదే లైనుకి పోయేవాడు. పోత ఇనుము బోరు, 346 సీసీ, కుడికాలి గేర్లు, ముందు యాంపియర్ మీటరు. ఆ మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కర్‌ని మెల్లగా దించాలి, సిలిండర్‌లో వత్తిడి వదిలే మీట, అదే డీకంప్రెసర్, లాగి ఇంకాస్త దించాలి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. నేను ఇంటర్లో ఉండగానే నేర్పాడు. మోకాళ్ల నొప్పులు వచ్చాక బండి ఊరికే పడి ఉందని పోయిన ఏడు జూన్‌లో లారీకి వేసి నాకు పంపాడు.

కావలిలో ఒక్క తన్నుకి లేచే బండి ఇక్కడికొచ్చాక నాలుగైదు తన్నులకి గానీ లేచేది కాదు. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజను ఊరికే ఆడేటప్పుడు, తడబడేది. సిగ్నల్ దగ్గర నిలబడితే ఆగిపోయేది. సైలెన్సర్ చివర వేలు పెట్టి తుడిస్తే కాటుక అంటినట్టు మసి. లీటరుకి ముప్పై అయిదు ఇచ్చే బండి ఇరవై తొమ్మిదికి దిగింది. దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు గాలినీ పెట్రోలునీ కలిపే కార్బొరేటర్ పక్కనున్న స్క్రూని అటూ ఇటూ తిప్పి, కాసేపు విని, బోరు పోయింది మేడమ్, పిస్టన్ రింగులు మార్చాలి, రూ. 18,500 అవుతుంది అన్నాడు. ప్లగ్గు తీసి చూడలేదు. కంప్రెషన్ చూడలేదు. ఆ స్క్రూ ఎంత తిప్పాడో లెక్క పెట్టుకోలేదు. తీసుకెళ్లినప్పటికంటే ఇంకా మొరాయిస్తున్న బండిని ఇంటికి తోలుకొచ్చాను.

రాత్రి నాయనకి ఫోన్ చేశా.

"పొగ ఏ రంగులో వస్తా ఉందిమా?"

"నల్లగా, నాయనా."

"నీలంగా వస్తేనే గదా బోరు పోయినట్టు, ఆయిలు కాలతా ఉన్నట్టు. నల్లగా ఉందంటే పెట్రోలు ఎక్కువైంది. బోరు జోలికి పోనీబాక."

ఈ ఒక్క మాట నాకు రూ. 18,500 మిగిల్చింది. పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట కూడా ఇదే.

పెట్రోలు ఎందుకు ఎక్కువైందనేది నాకు కాగితం మీద లెక్క వేస్తే తేలింది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు ఉంటుంది, అంటే దానికి దాదాపు 11 కిలోల గాలి. సముద్ర మట్టం దగ్గర అది 9,000 లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు తొమ్మిది నిండా గాలి పట్టి, ఒక్క లీటరు పెట్రోలు కోసం మింగేస్తుందన్నమాట ఇంజను. కావలి సముద్రం పక్కన ఉంది. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ అదే ట్యాంకులో గాలి బరువు నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లు తక్కువ. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రానికి మాత్రం ఊరు మారిన సంగతి తెలియదు. గాలి పల్చనైనప్పుడు పెట్రోలు పీల్పు కూడా కొంత తగ్గుతుంది గానీ గాలి తగ్గినంత తగ్గదు. చివరికి మిశ్రమం నూటికి నాలుగైదు పాళ్లు చిక్కబడుతుంది. రెండు ఊళ్లలోనూ పోసింది అదే పెట్రోలు. మారింది గాలే.

నాలుగైదు పాళ్లకే బండి ఇంత మొరాయించదు. నాయన మొదట్నుంచీ ఒక పిసరు చిక్కగానే ఉంచేవాడు, ఎండల్లో ఇంజను చల్లగా ఉంటుందని. దాని మీద ఎత్తు కలిసింది. దాని మీద గ్యారేజీ కుర్రాడి చెయ్యి పడింది. ఆ స్క్రూని కుడివైపు చివరిదాకా తిప్పుతూ లెక్కపెడితే అర చుట్టు మాత్రమే తెరిచి ఉంది. నాయన పంపినప్పుడు ఒకటిన్నర చుట్లు ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కార్బొరేటర్‌లో ఈ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది. లోపలికి బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలుని అదుపు చేస్తుంది, బిగిస్తే పల్చబడుతుంది. బుల్లెట్‌కి ఉన్న మిక్‌కార్బ్ కార్బొరేటర్‌లో ఇది ఫిల్టర్ వైపు ఉంది. వేరే బండ్ల అలవాటుతో బిగిస్తే పల్చబడుతుందనుకుని బిగించి ఉంటాడు ఆ కుర్రాడు.

ఇక గాజు ప్లగ్గు. గాలి, పెట్రోలు పాళ్లు చూసే మిగతా పద్ధతులన్నీ మంట ఆరిపోయాక మిగిలినదాన్ని చూసి చెప్పేవే. ప్లగ్గు మీద మసి చూడటమైనా, సైలెన్సర్ దగ్గర గ్యాస్ కొలవడమైనా, చప్పుడు వినడమైనా అంతే. మంటనే చూపించేది ఇదొక్కటే. లాబ్‌లో బన్సెన్ బర్నర్ కింద గాలి రంధ్రం మూస్తే మంట పసుపు, తెరిస్తే నీలం అని ఏటా పిల్లలకి చూపిస్తాను. హైడెల్‌బర్గ్‌లో బన్సెన్ 1855 ప్రాంతంలో చేయించిన బర్నర్ అది. దానికీ మా బుల్లెట్ సిలిండర్‌కీ సూత్రం ఒకటేనని తెలిశాక నేను కొనకుండా ఉండలేకపోయాను.

పెట్టెలో వచ్చినవి: గాజు ప్లగ్గు, ప్లగ్గు తీగని పైకి పొడిగించే కడ్డీ, అద్దం ఉన్న చూపుడు గొట్టం, గాజు తుడిచే చిన్న బ్రష్షు. సీలింగ్ వాషర్లు ఉండాలి, నాకు రాలేదు. అమ్మిన ఆన్‌లైన్ దుకాణానికి రెండుసార్లు రాస్తే జవాబు లేదు. చివరికి జేసీ రోడ్డులో స్పేర్ల దుకాణంలో రాగి వాషరు ఇరవై రూపాయలకి దొరికింది. వాషరు లేకుండా బిగించకండి, లోపలి వత్తిడి మర సందుల్లోంచి కారుతుంది. బుల్లెట్‌కి బోరు ఇనుమే గానీ హెడ్డు అల్యూమినియం. మర దెబ్బతింటే ప్లగ్గు ఖరీదుకి మించిన పని పడుతుంది. అందుకని మొదట వేళ్లతోనే తిప్పాలి. సాఫీగా దిగితేనే స్పానర్, అది కూడా వాషరు అణగేదాకానే.

ఇంజను వేడెక్కడానికి మాత్రం మామూలు ప్లగ్గే వాడాలి. నేను మడివాళ దాకా ఒక చుట్టు వేసి వచ్చి, గేటు పక్క షెడ్డులో పెట్టి, సాయంత్రం ఏడింటికి లైటు ఆపేసి మొదలుపెట్టాను. మసక వెలుతురులోనే రంగు బాగా తెలుస్తుంది. మా షెడ్డు మూడు వైపులా తెరిచి ఉంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం ఈ పని చేయొద్దని గట్టిగా చెప్తున్నాను. చిక్కటి మిశ్రమంతో ఆడే ఇంజను నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. మూసి ఉన్న చోట పది నిమిషాలు చాలు ప్రమాదానికి.

చేతులకి నాయన లైన్‌మన్ గ్లవ్స్ వేసుకున్నాను. పొడిగింపు కడ్డీలో వేల వోల్టులు పారతాయి. "గ్లవ్సు లేకుండా ముట్టుకుంటే ఫోన్ పెట్టేస్తా" అన్నాడు ముందే.

వీడియో కాల్ పెట్టి ఫోన్‌ని ట్యాంకుకి ఆనించి, తన్ని స్టార్ట్ చేశాను. గొట్టంలోకి వంగి చూస్తే మొదటి రెండు క్షణాలు ఏమీ కనిపించలేదు. తర్వాత చీకట్లో చిటికెన వేలి గోరంత గుండ్రటి చోట నారింజ రంగు కొట్టుకోవడం మొదలైంది. నిమిషానికి తొమ్మిది వందల చుట్లు తిరుగుతున్న ఇంజనులో మంట రెండు చుట్లకి ఒకసారి, అంటే సెకనుకి ఏడెనిమిది సార్లు లేస్తుంది. కన్ను కొన్నిటిని విడివిడిగా పట్టుకుంటుంది, కొన్నిటిని కలిపేస్తుంది. దీపం వత్తి ఎక్కువ పైకి తోస్తే వచ్చే పసుపు మంట ఎట్లా ఉంటుందో అచ్చం అట్లా ఉంది. ఆ పసుపు గాలి చాలక పూర్తిగా కాలని బొగ్గు రేణువులు ఎర్రగా కాగి వెలిగే వెలుగు. సైలెన్సర్‌లో నా వేలికి అంటిన మసి అక్కడ పుడుతుంటే చూస్తున్నాను.

స్క్రూని పావు చుట్టు విప్పాను. ప్రతిసారీ పది సెకన్లు ఆగాలి, ఇంజను కుదుటపడాలి. ముప్పావు చుట్టు దగ్గర నారింజ పల్చబడింది. ఒకటి దాటాక మంట అంచున నీలం వచ్చింది, నడిమధ్య పసుపు దారంలా మిగిలింది. ఒకటిన్నర దాటుతుండగా ఐడ్లింగ్ వేగం దానంతట అదే పెరిగింది. ఫోన్లోంచి నాయన అరిచాడు.

"ఆపు! అదే, అదే చప్పుడు!"

ఆపి చూశాను. నీలమే, లోపల ఇంకా సన్నటి పసుపు నూలుపోగు ఉంది. నాలుగు వందల కిలోమీటర్ల అవతల, ఫోన్ స్పీకర్లో విని ఆయన పట్టుకున్న చోటికీ, గాజులోంచి చూసి నేను పట్టుకోబోయే చోటికీ తేడా అర చుట్టుకి మించదు. ఆ తేడా కూడా తప్పు కాదు. ఐడ్లింగ్ వేగం అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటు, సరిగ్గా కాలే పాళ్ల కంటే ఒక పిసరు చిక్కటి వైపే ఉంటుంది. చెవి ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. ఇంకాస్త విప్పితే రెండు చుట్ల దగ్గర ఆ నూలుపోగు కూడా పోయి, మంటంతా లాబ్‌లో చూసే నికార్సైన బన్సెన్ నీలం అయ్యింది. ఇంకో పావు విప్పాను. నీలం తెల్లబారింది, మధ్య మధ్య మంట లేవకుండా తప్పింది, సైలెన్సర్‌లో టప్పుమని పేలింది. పల్చనైందని అర్థం. వెనక్కి తిప్పి రెండు చుట్ల దగ్గర ఉంచేశాను.

ఫోన్‌ని గొట్టం దగ్గరికి పెట్టి నాయనకి చూపించా. కెమెరాలో రంగు సరిగ్గా రాలేదు, నీలం తెల్లగా కనిపించిందట. అయినా కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏండ్లు చెవితో విన్నదే గానీ కంటితో చూడలా మా" అన్నాడు.

నేను గమనించిన ఇంకో విషయం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, ఇరవై పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ మంట సహజంగానే తక్కువ మసితో నీలంగా ఉంటుంది. అందుకని నీలం కనిపించిన మొదటి చోటే ఆగిపోకూడదు. తెల్లబడి తప్పేదాకా వెళ్లి, అక్కడ్నుంచి కొద్దిగా వెనక్కి రావాలి. రెండు హద్దులూ చూస్తేనే మధ్య ఎక్కడో తెలుస్తుంది.

రెండు మూడు నిమిషాలకి మించి నడపకుండా తీసేసి, చల్లారాక గాజుని బ్రష్షుతో తుడిచి పెట్టాలి. మసి పేరుకుంటే నీలం మంట కూడా గోధుమ రంగులో కనిపించి మోసం చేస్తుంది. మొదటి రోజు నేనే ఒకసారి ఆ మసిని చూసి ఇంకా చిక్కగా ఉందనుకున్నాను.

ఇక ఇది చెప్పలేని సంగతులు. కలర్‌ట్యూన్ ఐడ్లింగ్ దగ్గర, నిలబెట్టిన బండిలో కొద్దిగా రేజ్ చేసినప్పుడు మాత్రమే చూపిస్తుంది. దాన్ని పెట్టుకుని రోడ్డు మీద బండి తోలకూడదు, అంత వేడికి, భారానికి దాన్ని చేయలేదు. ఐడ్లింగ్ సరిచేసే స్క్రూకి బండి వేగంగా పోయేటప్పుడు మాటే చెల్లదు. అక్కడ కార్బొరేటర్ లోపలి సూదిది, పెట్రోలు వచ్చే పెద్ద రంధ్రం, అంటే మెయిన్ జెట్టుది రాజ్యం. కాబట్టి ఈ ప్లగ్గు కొని బండి మొత్తం సరైపోయిందనుకుంటే పొరపాటు.

పీయూసీ, అంటే బండి పొగ కాలుష్య పరీక్ష, సంగతి కూడా చెప్పాలి. గ్యారేజీ వాడు పాడు చేశాక, గాజు ప్లగ్గు రాకముందు ఒకసారి పరీక్ష చేయించాను. కార్బన్ మోనాక్సైడ్ 4.2 శాతం వచ్చింది. పాస్! 2000 మార్చి లోపు తయారైన ద్విచక్ర వాహనాలకి హద్దు 4.5 శాతం. అంటే కాటుకలాంటి మసి పోస్తున్న బండి కూడా సర్టిఫికెట్ తెచ్చుకుంది. రెండు చుట్ల దగ్గర పెట్టాక అదే కేంద్రంలో అడిగి మళ్లీ చేయించాను, 1.8 వచ్చింది. పీయూసీ చీటీని పాస్, ఫెయిల్ కోసం కాకుండా ఆ అంకె కోసం చూడండి. వంద రూపాయలకి లోపే దొరికే మంచి కొలత అది. కాకపోతే గొట్టాన్ని సైలెన్సర్‌లోకి జానెడుకి పైగా దూర్చమని పక్కనే నిలబడి అడగాలి. పైపైన పెడితే బయటి గాలి కలిసి అంకె తగ్గిపోతుంది.

వేగంలో పాళ్లు చూడటానికి నాయన పద్ధతే వాడాను. ఆదివారం పొద్దున్నే ఆరింటికి కనకపుర రోడ్డులో హారోహళ్లి వైపు వెళ్లి, కొత్త ప్లగ్గు వేసి, ఖాళీగా ఉన్న చోట మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కాసేపు పోనిచ్చి, క్లచ్ పట్టి తాళం ఆపేసి, బండిని అట్లాగే దొర్లించి పక్కన ఆపాలి. ఐడ్లింగ్‌లోకి రానిస్తే ఆ మసి వచ్చి దీన్ని చెరిపేస్తుంది. ప్లగ్గు తీసి పింగాణీ అడుగున ఉన్న వలయాన్ని చూడాలి. పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగు ఉంటే సరి. మాది డికాక్షన్ రంగులో ఉంది. అక్కడా చిక్కగానే ఉంది, ఎత్తు తన పని తను చేసింది. జేసీ రోడ్డులో ఒక నంబరు చిన్న మెయిన్ జెట్టు తెచ్చి వేయించాను.

ఆ వేసిన ప్లగ్గు నాయన డబ్బాలో వాడకుండా ఉన్న పాత మైకో. ఊళ్లో అందరూ మైకో ప్లగ్గు అనే అనేవాళ్లు, చిన్నప్పుడు అది ప్లగ్గుకి ఇంకో పేరనుకున్నా. 1951లో మొదలైన ఆ కంపెనీ ఉన్న అడుగోడి మా ఇంటి దగ్గరే. 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకున్నారు గానీ, బస్సు కండక్టర్లు ఇప్పటికీ పిలిచే మైకో లేఅవుట్‌లో ఆ పాత పేరు నిలిచిపోయింది. డబ్బాలో ఇంకా అయిదున్నాయి.

జెట్టు వేసిన మేస్త్రి విల్సన్ గార్డెన్‌లో ఉంటాడు. చింతామణి వైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. ఆయన దగ్గర పొగలోని ఆక్సిజన్‌ని బట్టి పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ మీటరు ఉంది, అదీ బాష్ చేసిన ఎల్‌ఎస్‌యూ 4.9. సైలెన్సర్ చివర బిగించి, ఆయన వెనక కూర్చుని మీటరు చూస్తుంటే నేను నడిపాను. రూ. 600 తీసుకున్నాడు, గంటసేపు ఓపిగ్గా చూపించాడు. కార్లలో ఉండే మామూలు ఆక్సిజన్ సెన్సర్ 0.45 వోల్టుల దగ్గర అటా ఇటా అని మాత్రమే చెప్తుంది, చిక్కనా పల్చనా అంతే. బాష్ మొదటి లాంబ్డా సెన్సర్ (ఆక్సిజన్ సెన్సర్‌కి ఇంకో పేరు) 1976లో వోల్వో కార్లలో వచ్చినప్పుడు అదే ఘనకార్యం. వైడ్‌బ్యాండ్ ఎంత చిక్కన, ఎంత పల్చన అని అంకెల్లో చెప్తుంది.

మీటరులో 14.7 కంటే తక్కువ వస్తే చిక్కన, ఎక్కువ వస్తే పల్చన. మా బండి పూర్తి యాక్సిలరేటర్‌లో 12.9 దగ్గర నిలిచింది, సమంగా యాభైలో పోతుంటే 14.2. రెండూ మంచివే. గట్టిగా లాగేటప్పుడు 12.5 నుంచి 13 దాకా ఉంటేనే ఇంజనుకి బలం, చల్లదనం. ఇంటికొచ్చి ఐడ్లింగ్‌లో పెడితే మాత్రం 15.8 అని చూపించింది. నా గుండె జారింది. గాజులో నీలం చూశాను, పీయూసీలో 1.8 చూశాను, ఇదేమో పల్చగా ఉందంటుంది.

"ఐడ్లింగ్‌లో దీని మాట నమ్మొద్దక్కా," అన్నాడు మేస్త్రి. "ఒంటి సిలిండర్ బండి కదా. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య సైలెన్సర్ చివర్నుంచి గాలి వెనక్కి లాక్కుంటుంది. సెన్సర్ ఉండేది అక్కడే, ఆ గాలిని కూడా కలిపి లెక్క చెప్తుంది."

నాకు ఆ క్షణంలో మొత్తం బోధపడింది. సెన్సర్ తడబడే చోటే గాజు ప్లగ్గుకి కళ్లు. గాజు ప్లగ్గు పెట్టకూడని చోటే సెన్సర్‌కి బలం. రూ. 7,400 దండగా అని అడిగే స్నేహితులకి నేను చెప్పే జవాబు ఇదే. సెన్సర్ మీటరు ఉన్న మేస్త్రి అందుబాటులో ఉన్నా సరే, ఐడ్లింగ్ స్క్రూ కోసం నేను గాజునే నమ్ముతాను. మేస్త్రి కూడా గొట్టంలోంచి రెండుసార్లు చూసి, ఆదివారం ఒక యెజ్డీకి పెట్టి చూద్దామని అడిగి తీసుకెళ్లాడు. తుడిచి, అదే పెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు.

ఆ మీటరు గురించి ఒక చిన్న హెచ్చరిక: అందులో కనిపించే 14.7 అసలు పాళ్లు కాదు, అచ్చమైన పెట్రోలు లెక్కలో చూపించే గుర్తు. ఈ20కి సరైన పాళ్లు పదమూడున్నర దగ్గర ఉంటాయి, ఇథనాల్ తనతోనే కొంత ఆక్సిజన్ తెచ్చుకుంటుంది కాబట్టి. మీటరు మాత్రం సరిగ్గా కాలినప్పుడల్లా 14.7 అనే అంటుంది. అంకెని కాదు, దానికి అటూ ఇటూ ఎంత జరిగిందో చూసుకోండి.

ఎవరు కొనాలి? కార్బొరేటర్ ఉన్న బండి ఉండి, దాన్ని తమ చేత్తో చూసుకునేవాళ్లు. బుల్లెట్, యెజ్డీ, ఆర్‌ఎక్స్100 లాంటి 14 మిల్లీమీటర్ల ప్లగ్గు బండ్లకి నేరుగా సరిపోతుంది. పాత స్ప్లెండర్‌కి ప్లగ్గు 10 మిల్లీమీటర్లది, అడాప్టర్ విడిగా తీసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండ్లకి ఇది అక్కర్లేదు. వాటి పాళ్లు కంప్యూటరే సరిచేసుకుంటుంది, తిప్పడానికి స్క్రూ కూడా ఉండదు. ఏడాదికి ఒకసారి ట్యూనింగ్ చేయించుకుంటే చాలనుకునేవాళ్లు ఈ డబ్బు పెట్టకుండా సెన్సర్ ఉన్న మంచి మేస్త్రిని వెతుక్కోవచ్చు. స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది, ఎవరికీ ఏడాదికి రెండుసార్లకి మించి దీంతో పని పడదు.

మా బండి ఇప్పుడు లీటరుకి ముప్పై ఆరు ఇస్తోంది. పొద్దున చలిలో రెండో తన్నుకి లేస్తుంది. బోరు తెరవలేదు, రింగులు మార్చలేదు.

సంక్రాంతికి కావలి పోతున్నాను. బండి ఇక్కడే ఉంటుంది, ప్లగ్గు మాత్రం తీసుకురమ్మన్నాడు నాయన. మా వీధిలో ఇంకో రెండు పాత బుల్లెట్లు ఉన్నాయి, వాటిని ఆయన ముందు చెవితో పెడతాడట, తర్వాత నేను గాజు పెట్టి రంగు చెప్పాలట. రాగి వాషర్లు నాలుగు కొని పెట్టెలో వేశాను. గ్లవ్స్ కూడా సర్దాను.